మూడు గంటల నలభై నిమిషాలు

తేదీ మూడు, మంగళవారం. పొద్దుటి నుంచి ముసురు. వంటింటి కొళాయి కారుతుంటే వాషరు మార్చాను.

అక్కకు నమస్కారాలు. ఇక్కడ నేను, నీ మరదలు, పిల్లలు వేళకు తిని తిరుగుతున్నాం. అక్కడ నువ్వూ బావా అలాగే ఉన్నారనుకుంటాను.

నీ ఉత్తరం శనివారం అందింది. అడిగినవాటికి వరసగా జవాబులు. నా దగ్గు తగ్గింది. నీ మరదలు కళ్లజోడు మార్చుకుంది, ఇప్పుడు నా గడ్డంలో తెల్లవెంట్రుకలు లెక్కపెడుతోంది. బావను మోకాలు పూర్తిగా నయమయ్యేదాకా మెట్లెక్కొద్దని చెప్పు.

నాలుగో ప్రశ్న నీ కొడుకు గురించి. దానికి జవాబు రాయడానికి మూడు రోజులు పట్టింది. “వాడు ఆ రోజు పనిలో లేడంటున్నారు. నిజమేనా? నువ్వు అక్కడే ఉంటావుగా. అడిగితే నోరు విప్పడు. విచారణకు కూడా వెళ్లనంటున్నాడు” అని రాశావు.

వాడు పనిలోనే ఉన్నాడక్కా. నాకు నాలుగడుగుల దూరంలో, పనిముట్ల పెట్టె మీద కూర్చుని ఉన్నాడు.

నా పని ఏమిటో నీకెప్పుడూ సరిగా చెప్పలేదు. మా కాగితం మిల్లులో ఏడాదికోసారి పెద్ద మిషనును ఆరు రోజులు ఆపి బాగుచేస్తారు. ఆ రోజుల్లో పని ఎక్కడ ఆగిందో, ఎంతసేపు ఆగిందో, ఎందుకు ఆగిందో రాసేవాణ్ణి నేను. ఎవరూ నేర్పలేదు, చూసి చూసి నేర్చుకున్నాను. పుస్తకానికి గళ్లు గీసింది కూడా నేనే. సామాను రాక, క్రేను రాక, కరెంటువాళ్లు రాక, ఫిట్టర్లు రాక. ఆగిన ప్రతి నిమిషమూ ఈ నాలుగింటిలో ఒకదానిలో పడాలి. చివరన ‘ఇతరములు’ అని ఒక గడి ఉండేది. అది బద్ధకస్తుల గడి అని మేనేజరు గారు తీసేయించారు. ఒకసారి రాసింది దిద్దకూడదన్న నియమం మాత్రం నాదే. పన్నెండేళ్లలో ఒక్క దిద్దుబాటు లేదు.

ఈ ఏడు మిషను ఆపాక మూడో రోజు బేరింగు మార్చాలి. మిషనుకు కరెంటు తీసేశాం అని ఇంజినీరు గారు సంతకం పెట్టిన కాగితం చేతికొస్తేనే ఫిట్టర్లు లోపల చెయ్యి పెట్టాలి. లేకపోతే చేతులే పోతాయి. పదీ పదికి కాగితం సిద్ధం. ఇంజినీరు గారు లేరు. ఫోను ఎత్తలేదు. వాడూ, వాడి కింద ఆరుగురు ఫిట్టర్లూ ఎదురుచూస్తూ కూర్చున్నారు.

“మామయ్యా, మిషనుతో పాటు ఇంజినీరు గారిని కూడా ఆపేశారా ఏంటి?” అన్నాడు వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

“నవ్వింది చాలు గానీ, దీన్ని ఏ గడిలో వేయమంటావు?”

“మా గడిలోనే పడేయ్. ఎక్కడో ఒకచోట పడాలిగా. ఈసారి అది మరీ బోసిగా ఉంది.”

ఒంటిగంట యాభైకి ఇంజినీరు గారు వచ్చి, ఎవరి వైపూ చూడకుండా సంతకం పెట్టి వెళ్లిపోయారు. నేను ఫిట్టర్ల గడిలో మూడు గంటల నలభై నిమిషాలు వేశాను.

నెలాఖరున గళ్ల కింద కూడికలు వేశారు. మిషను ఆలస్యంగా తిరిగింది, ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. ఫిట్టర్ల గడిలోనే అన్నిటికంటే పెద్ద అంకె. ఫిట్టర్ల మేస్త్రి వాడు. విచారణ అయ్యేదాకా ఇంటి దగ్గర ఉండమన్నారు.

మేనేజరు గారి గదికి వెళ్లాను. పొరపాటు రాశాను, దిద్దుతానన్నాను.

“నీ మేనల్లుడనా?” అన్నారు.

“కాదండీ. జరిగింది అదండీ.”

“పన్నెండేళ్లు దిద్దనివాడివి, సొంతవాడి దగ్గరికొచ్చేసరికి దిద్దుతావా? మరి ఈ పుస్తకం దేనికయ్యా? నువ్వు దేనికి?”

పుస్తకం ఇప్పుడు ఆయన బీరువాలో ఉంది. నన్ను ముట్టుకోనివ్వడం లేదు. నిజం చెబితే మేనల్లుడి కోసం అబద్ధమాడుతున్నట్టు, ఊరుకుంటే ఆ రాసిందే నిజమైనట్టు. ఎటు జరిగినా గోడే తగులుతోంది. రోజూ పనికి వెళ్తున్నాను. కొత్త పుస్తకం ఇచ్చారు. అవే నాలుగు గళ్లు.

వాడు మీ దగ్గరికి బయల్దేరిన రోజు బస్టాండుకు వెళ్లాను. “నేను విచారణకు రాను మామయ్యా. వస్తే నువ్వు తప్పు రాశావని నా నోటితో అనాలి. నీకింకా ఆరేళ్ల సర్వీసుంది” అన్నాడు. నీళ్ల సీసా కొనిచ్చి వచ్చేశాను.

ఇంకొకటి ఉందక్కా. సరైన గడి లేకనే అలా రాశానని మేనేజరు గారికి చెప్పాను. అది సాకు. ప్రతి వరస పక్కన నాలుగు మాటలు రాసే చోటుంది. ‘ఇంజినీరు సంతకం రాలేదు’ అని రాయబోయి పెన్ను పైకెత్తాను. ఇంజినీరు గారికి భయపడ్డాను. వాడైతే నన్నేమీ అనడని తెలుసు. అందుకే వాడి వేళాకోళాన్ని పట్టుకుని రాసేశాను.

మొన్న పాత పుస్తకాలు తీసి చూశాను. ఇలా ఫిట్టర్ల గడిలోకి తోసినవి పదకొండు ఉన్నాయి. వాడికంటే ముందున్న మేస్త్రిని ఆ గడి చూపించే పనిలోంచి తీసేశారు. ఆ ఖాళీలోకి వాణ్ణి తీసుకోమని చెప్పింది నేను.

విచారణ పన్నెండో తేదీ పదిన్నరకు. ఈ ఉత్తరం వాడికివ్వు. వద్దన్నా జేబులో పెట్టి పంపు. వాడు నోరు తెరవనక్కర్లేదు, బల్ల మీద పెడితే చాలు. నన్ను పిలుస్తారు. పిలిస్తే ఇందులో ఉన్నదే చెబుతాను, ఆ పదకొండింటి సంగతి కూడా. తర్వాత నన్ను ఉంచుతారో లేదో తెలియదు. నీ మరదలికి ఇంకా చెప్పలేదు. రేపు చెబుతాను.

పుస్తకంలో ఉండవలసిన వరస ఇది:

మూడో రోజు. ఉదయం 10.10 నుంచి మధ్యాహ్నం 1.50 వరకు బేరింగు పని ఆగింది. ఫిట్టర్లు ఏడుగురూ హాజరు. ఇంజినీరు సంతకం రాలేదు. తెలిసే తప్పు గడిలో వేసింది నేను.

ఇట్లు,
నీ తమ్ముడు,
ఆలస్యాల పుస్తకం రాసేవాడు