రెండుసార్లు రాసిన పేరు

ఏప్రిల్ 6

ప్రియమైన అక్కకు,

మఠంలో నిన్నందరూ మాత తెయొఫానియా అంటారు. అననీ. నాకు మాత్రం నువ్వు రాదోయ్కవే, అలాగే పిలుస్తాను.

ఆపరేషన్ అయి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. బతికే ఉన్నాను. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావేమో. ఆ ఫోనుండేది మఠం నడిపే మీ పెద్దమ్మగారి గదిలో. ఆవిడ ముందు నువ్వు "ఊ, ఊ" తప్ప ఇంకో మాట అనవు, నాకేమో ఏడుపొస్తుంది. అందుకే ఉత్తరం.

డాక్టరు నా కడుపులో ముప్పాతిక వంతు కోసి తీసేశాడు. మిగిలింది అరటిపండంత సంచి. "తీసిందాన్ని ఏం చేశారు?" అని అడిగాను. "అది నీకెందుకమ్మా?" అని నవ్వాడు. నాకెందుకేమిటి! నలభై ఆరేళ్ళు నాతో ఉన్నది, ఎక్కడ పడేశారో అడగకూడదా?

చిన్నపిల్లల ఎర్ర ప్లాస్టిక్ చెంచా ఒకటి కొన్నాను. పొద్దున నాలుగు చెంచాల పెరుగు, మధ్యాహ్నం నాలుగు చెంచాల కోడి సూపు. తిన్నాక అరగంట దాకా గుక్కెడు నీళ్ళు కూడా తాగకూడదు. అయిదో చెంచా వెళ్ళిందంటే గుండెల మీద ఎవరో మోకాలేసి నొక్కినట్టుంటుంది. నిన్న అలవాటు కొద్దీ అమ్మ పెద్ద గిన్నె నిండా సర్మా చేశాను. క్యాబేజీ ఆకుల్లో మాంసం చుడుతూ చుడుతూ ఎవరికోసం చేస్తున్నానో మర్చిపోయాను. గిన్నె మొత్తం పక్కింటికి పంపించేశాను.

నాన్న నా బరువుకి విరగకుండా తీగ చుట్టి బిగించిన కుర్చీ గుర్తుందా? అందులో కూర్చోబుద్ధి కావడం లేదు. కిటికీ పక్కన అమ్మ స్టూలు మీద కూర్చుంటున్నాను. మొన్న మధ్యాహ్నం నేను తింటుంటే ఎదురుగా ఆ కుర్చీ కిర్రుమంది. నేను కూర్చుంటే చేసే చప్పుడే అది. చెక్క ఎండిందేమోలే.

నీ పావు వంతు చెల్లెలు,
స్తానా


మే 2

చిట్టి స్తానాకు,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తోటలో నాలుగుసార్లు చదివాను. అయిదోసారి పెద్దమ్మగారు చూసి, "ఏమిటమ్మా, ప్రేమలేఖా?" అన్నారు. చెల్లెలు రాసిందంటే తనకీ చదివి వినిపించమన్నారు. "పావు వంతు చెల్లెలు" అన్నచోట ఆవిడకి నవ్వాగలేదు.

నాలుగు చెంచాలంటే నువ్వు మాకంటే పెద్ద సన్యాసినివి అయిపోయావే! ఇక్కడ ఉపవాసాల్లో కూడా చిక్కుళ్ళు, రొట్టె గిన్నెడు పెడతారు. నేను సగం వదిలేస్తానని నీకు తెలుసుగా. "తెయొఫానియాకి ఆకలి మీద ఎంత అదుపో" అంటారు వీళ్ళు. ఆ మాట వింటే నాకు నీ మొహమే కళ్ళముందు కదుల్తుంది. ఎందుకో ఇంకోసారి రాస్తాను.

డాక్టరు చెప్పినన్ని చెంచాలూ తిను. ఒకటి ఎక్కువ వద్దు, ఒకటి తక్కువా వద్దు. పూజలో చదవడానికి పేర్ల చీటీ పంపు. అమ్మ ఉన్నప్పుడు పంపేదే, బతికినవాళ్ళవి ఒక వైపు, పోయినవాళ్ళవి ఒక వైపు. ఆవిడ పోయాక నువ్వొక్క చీటీ కూడా పంపలేదు, బద్ధకస్తురాలా. కుర్చీకి నూనె రాయించు.

నీ అక్క,
రాదోయ్క (ఇది నీకొక్కదానికే)


ఆగస్టు 19

అక్కా,

ముప్పై తొమ్మిది కిలోలు పోయాయి. నూట నలభై ఒకటి ఉండేదాన్ని, నూట రెండుకి వచ్చాను. డాక్టరు తెగ మెచ్చుకున్నాడు. జుట్టు మాత్రం దువ్వెనకి చిక్కుకుని కుచ్చులుగా వస్తోంది. చేతుల కింద చర్మం వేలాడుతోంది. ఎండలో కూడా చలి. బడి వంటింట్లో నాతో పాటు వండే విదా, "అమ్మాయిలా అయ్యావే!" అంటుంది. దర్జీ కుట్టిన నా పాత జాకెట్టులో ఇద్దరం పడతాం. నిజంగానే ఒకరోజు ఇద్దరం దూరి చూశాం, నవ్వలేక చచ్చాం.

ఇప్పుడు చెప్పేది నువ్వు నవ్వకుండా చదవాలి.

శనివారం సంతలో చీజ్ అమ్మే పెర్సిద ముసలమ్మ దగ్గరికి వెళ్ళాను. ఇరవై ఏళ్ళుగా ఆవిడ దగ్గరే కొంటాను కదా. నన్ను ఎగాదిగా చూసింది.

"నిన్నెక్కడో చూశానమ్మా. బడి వంటావిడ స్తానా లేదూ, ఆ బాగా లావుపాటావిడ, ఆవిడ చెల్లెలివా?"

ఏం దెయ్యం పట్టిందో నాకు, "ఔను" అన్నాను.

"ఆవిడ కనిపించడం లేదేం? ఒంట్లో బాగాలేదా?"

"పోయింది."

అక్కా, ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో! పెర్సిద గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని ఏడ్చింది. నిజంగా ఏడ్చింది. "ఎంత మంచి మనిషే తల్లీ, ఎంత బాగా తినేదే!" అంటూ తెల్ల చీజ్ పెద్ద ముక్క కోసి నా చేతిలో పెట్టింది. "దాని ఆత్మ పేరున తిను. ఆదివారం నేను గుడిలో కింద ఒక కొవ్వొత్తి వెలిగిస్తాలే." కింద అంటే తెలుసుగా, పై అర బతికినవాళ్ళకి, కింది ఇసుక తొట్టి పోయినవాళ్ళకి. నేను అక్కడే నిలబడి ఆ చీజ్ తిన్నాను. నా ఆత్మ పేరున నేనే తిన్నాను.

అప్పట్నుంచి కిర్రుమనేది చెక్క కాదని తెలిసింది. మధ్యాహ్నం పూట బడి నుంచి రాగానే ఆవిడ, ఆ లావుపాటి పాత స్తానా, నాన్న బిగించిన కుర్చీలో ఉంటుంది. నీలం పూల గౌను, నేను ఆపరేషన్ ముందు వేసుకున్నదే. నన్ను చూడదు, నా పళ్ళెం వైపు చూస్తుంది. ఒక్కటే అడుగుతుంది: "నన్నెక్కడ పాతిపెట్టారు?" నిజం చెప్పనా, భయం కాదు నాకు. సిగ్గేస్తోంది.

నువ్వడిగిన చీటీ ఇందులో పెట్టాను.

స్తానా


సెప్టెంబరు 11

నా పిచ్చి స్తానాకు,

నవ్వలేదు. పెర్సిద సంగతి రెండుసార్లు చదివాను. రేపే సంతకెళ్ళి ఆ ముసలమ్మకి నిజం చెప్పు. తిడితే తిట్టనీ.

చీటీ అందింది. నీ మతిమరుపు ఎక్కడికీ పోలేదు. పోయినవాళ్ళ వైపు అమ్మ దారింక, నాన్న వితోమిర్, తర్వాత నానమ్మ స్తమెంక పేరు రెండుసార్లు రాశావు. బతికినవాళ్ళ వైపు నా పేరొక్కటే ఉంది, నీది లేదు! ముద్దుకి స్తానా అన్నా, అచ్చంగా నానమ్మ పేరే నీకు పెట్టారని కలం కూడా తికమక పడిందా? నీ పేరు నేనే చేర్చుకున్నాను. కానీ మూడు వారాలుగా, చీటీలో ఉన్నది ఉన్నట్టు చదివే అలవాటు కొద్దీ, పోయినవాళ్ళలో స్తమెంక రెండుసార్లు చదువుతున్నాను. నానమ్మకి మంచిదేలే.

ఇవాళ ఏం తిన్నావో రాయి. "బాగానే తిన్నాను" అని రాయకు. చెంచాలు లెక్కపెట్టి రాయి. ఆవిడ కనిపిస్తే ప్రార్థన చదువు, కానీ తిట్టకు.

వెంటనే జవాబు రాయి,
నీ అక్క


అక్టోబరు 14

స్తానా,

నెల దాటింది. జవాబు లేదు. ఇవాళ విదా మఠానికి ఫోన్ చేసింది. నువ్వు వంటింట్లో పిండి బస్తా పక్కన పడిపోయావట. డెబ్భై తొమ్మిది కిలోలట, అయినా డాక్టరు సంతోషించడం లేదట. రక్తంలో సత్తువ లేదన్నాడట. ఇలాగే ఇంకో రెండు వారాలుంటే ఆసుపత్రిలో పెట్టి ముక్కులోంచి గొట్టం వేస్తానన్నాడట. "తింటున్నాను, తింటున్నాను అంటుందమ్మా, పళ్ళెం ఖాళీగానే ఉంటుంది, మరి ఎవరు తింటున్నారో!" అని విదా ఏడ్చింది.

నాకు అబద్ధం చెప్పకు. నాకు చెప్పినా ఫరవాలేదు, డాక్టరుకి మాత్రం అబద్ధం చెప్పకు.

అక్క


అక్టోబరు 24

అక్కా,

చెయ్యి వణుకుతోంది, అక్షరాలు చూసి భయపడకు.

ఇవాళ ఒక చెంచా. నిన్న ఒకటి. మిగతాది ఆవిడ ముందు పెడుతున్నాను. ఆవిడ తినదు, చూస్తుంది. చల్లారిపోయాక నేనే పారబోస్తాను. అందుకే పళ్ళెం ఖాళీ. నాలుగు చెంచాలు తింటే ఆవిడ మొహం చూడాలి నువ్వు! ఆకలితో కూర్చున్న మనిషి ఎదురుగా ఎలా తినను? నలభై ఏళ్ళు అందరూ వెక్కిరించినా ఒక్క మాట అనకుండా నన్ను మోసింది. నేనేం చేశాను? కోయించి పారేయించి, సంతలో చచ్చిపోయిందని చెప్పాను.

చీటీలో మతిమరుపేం లేదక్కా. రెండో స్తమెంక నానమ్మ కాదు. ఆవిడే. నువ్వు చదివావు కదా రెండు నెలలు. అయినా పోలేదు.

నవంబరు మొదటి శనివారం పోయినవాళ్ళ రోజు కదా. ఆవిడ పేరున గోధుమలు ఉడికించి, ఆక్రోటు పొడి కలిపి, గుడికి తీసుకెళ్తాను. కింద కొవ్వొత్తి నా చేత్తో వెలిగిస్తాను. సరిగ్గా సాగనంపితే వెళ్ళిపోతుంది. తర్వాత తింటాను. నిజంగా తింటాను.

స్తమెంక


అక్టోబరు 29

స్తానా, నా బంగారు తల్లీ,

నేను చదివాను. నా నోటితోనే నిన్ను రెండు నెలలు పోయినవాళ్ళలో చదివాను. పెద్దమ్మగారికి చెప్పి ఆవిడ కాళ్ళ మీద పడ్డాను. ఆ చీటీ పొయ్యిలో వేశారు. "లేచి బస్సెక్కు" అన్నారు. శనివారం పొద్దున్నే వస్తాను. నేను వచ్చేదాకా కింద వెలిగించకు. నా మీద ఒట్టు.

మేలో ఇంకోసారి రాస్తానన్నాను కదా, ఇప్పుడు రాస్తున్నాను. ఇరవై రెండేళ్ళుగా పాపనివేదనలో కూడా ఈ మాట చెప్పలేదు.

చిన్నప్పుడు పళ్ళెం ఖాళీ చెయ్యనిదే అమ్మ లేవనిచ్చేది కాదు. నాకు ముద్ద దిగేది కాదు. బల్ల మీద పూల ప్లాస్టిక్ గుడ్డ కిందినుంచి నా రొట్టె, నా కొవ్వు ముక్కలు, నా బంగాళదుంపలు నీ ఒళ్ళో పెట్టేదాన్ని. నీకప్పుడు నాలుగేళ్ళు. "తినెయ్, లేకపోతే అమ్మ నన్ను కొడుతుంది" అనేదాన్ని. కడుపు నిండినా నువ్వు కళ్ళు మూసుకుని మింగేదానివి. తర్వాత అమ్మ చుట్టాల ముందు నా ఖాళీ పళ్ళెం చూపించి మెచ్చుకునేది, నీ బుగ్గలు గిల్లి "ఎలా ఊరుతోందో చూడండి" అనేది. నేను నోరు విప్పలేదు. ఏళ్ళ తరబడి విప్పలేదు.

ఇక్కడ వీళ్ళు పొగిడే నా ఉపవాసం ఉందే, అది నీ ఒళ్ళో పెట్టిందేనే. కుర్చీలో ఉన్నది దెయ్యం కాదు, నా వంతు కూడా తిన్న పిల్ల. దాన్ని పాతిపెట్టకు స్తానా. నేను దానికి బాకీ పడ్డాను.

వస్తున్నాను,
రాదోయ్క


నవంబరు 20

ప్రియమైన అక్కకు,

నువ్వు మఠానికి తిరిగి బస్సెక్కి పన్నెండు రోజులైంది. చెయ్యి ఇప్పుడు వణకడం లేదు, అక్షరాలు చూడు.

ఆ శనివారం నువ్వు పెట్టిన ఒట్టు నేను తప్పాను. గుడి తలుపు తియ్యగానే వెళ్ళిపోయాను. కొవ్వొత్తి అంటించి, తొట్టి దగ్గర వంగి ఉన్నాను. వెనకనుంచి నల్ల అంగీ తొడుక్కున్న చెయ్యి ఒకటి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. "పైకి ఎత్తవే!" అన్నావు. గుడంతా వినబడింది. మైనం ఇద్దరి చేతుల మీదా కారింది. నాకింకా మచ్చ ఉంది, నీకుందా?

ఇంటికొచ్చాక నువ్వు నాకు చిక్కుడు గింజల సూపు వడ్డించావు. ఎర్ర చెంచాతో నాలుగు చెంచాలు తిన్నాను. మధ్యలో ఏడ్చాను, మళ్ళీ తిన్నాను. ఇక చాలన్నాను. నువ్వు నా గిన్నె నీ వైపు లాక్కుని, మిగిలిందంతా తిన్నావు. అడుగున ఉన్న గింజ కూడా వదల్లేదు. అమ్మ ముందు ఏనాడూ నువ్వలా తినలేదు. నీకు వాంతొచ్చేలా ఉందని నాకు తెలుస్తూనే ఉంది. ఆపబోతే, "నా వంతే, నన్ను తిననీ" అన్నావు.

అప్పుడు ఆ కుర్చీ కిర్రుమంది. అందులో ఎవరూ లేరు. నువ్వు అటు తిరగకుండా, నీ చెంచా కడుక్కుంటూ, "దానికి కూడా ఒక గిన్నె పెట్టవే, చల్లారకముందే" అన్నావు. అక్కా, ఏడు నెలలు నాకు పిచ్చెక్కిందనుకున్నాను. నీకు కూడా వినబడింది!

ఆవిడ పోలేదు. ఇవాళ కూడా ఉంది. కానీ నన్నెక్కడ పాతారని అడగడం మానేసింది. నేను నాలుగు చెంచాలు తిన్నంతసేపూ కూర్చుంటుంది, నేను లేచాక కుర్చీ తేలికపడ్డట్టు చప్పుడవుతుంది. డాక్టరు గొట్టం మాట ఎత్తలేదు. ఒక కిలో పెరిగానని మెచ్చుకున్నాడు, బరువు పెరిగినందుకు నన్ను ఎవరైనా మెచ్చుకోవడం ఇదే మొదటిసారి!

సంతకి కూడా వెళ్ళాను. "పెర్సిదమ్మా, నేనే స్తానాని" అన్నాను. ముసలమ్మ కెవ్వుమంది, చీజ్ బల్ల ఎక్కినంత పనిచేసింది. నా మొహం తడిమి చూసింది. తర్వాత తిట్టడం మొదలుపెట్టింది చూడు! "సిగ్గులేని మొహమా! మూడు నెలలు ప్రతి ఆదివారం నీకోసం కింద వెలిగించానే! అవన్నీ ఏం కావాలి?" "ఈ ఆదివారం నుంచి పైన వెలిగించు" అన్నాను. "పైనా? నా మోకాళ్ళ నొప్పులతో పైకి అందదు, నువ్వు కూడా వచ్చి పట్టుకోవాలి" అంది. వెళ్తున్నాను.

కొత్త చీటీ పెట్టాను. పోయినవాళ్ళ వైపు అమ్మ, నాన్న, నానమ్మ. ఒక్కొక్కరు ఒక్కసారే. బతికినవాళ్ళ వైపు నీ పేరు, దాని కింద స్తమెంక, స్తమెంక. రెండుసార్లు రాశాను. మతిమరుపు కాదు. రెండూ చదువు.

నీ చెల్లెళ్ళు,
స్తానా