గడి తలుపుల సీను

మెట్‌పల్లి నుంచి అన్న రామచంద్రం చెల్లెలు కిష్టవ్వకు దీవెనలతో రాసేది. నా మోకాలు తప్ప ఇక్కడ అందరం బాగున్నాం. ఇచ్చోడలో నువ్వూ, కొడుకూ కోడలూ చల్లగా ఉన్నారనుకుంటాను.

నిజానికి ఈ ఉత్తరం ఎగ్గొడదామనే అనుకున్నాను. ఫోను ఉంది కదా అంటావు. ఫోనులో నువ్వు "ఇంకేంది అన్నా?" అనగానే నేను వానల సంగతి ఎత్తుకుంటాను. నలభై ఏళ్ళుగా నీతో వానల గురించే మాట్లాడుతున్నాను.

చింతకాయ తొక్కు అందింది. ఉప్పెక్కువైంది. అయినా సీసా సగమైంది.

నీ మనవరాలు నవనీత హైదరాబాదులో సినిమా చదువు చదువుతూ, జనంలో లేచిన గొడవలు సినిమాలను ఎట్లా మార్చాయో రాస్తోందనీ, నన్ను చెప్పమన్నదనీ రాశావు. ముప్పై ఏళ్ళు సినిమా హాలులో మిషను నడిపే ఆపరేటరుగా ఉన్నాను. ఆ మిషను వేడికే నా జుట్టు పోయిందని మీ వదిన అంటుంది. మన బాపుకు ఏ మిషనూ లేకుండానే పోయింది కదా. సరే, నాకు తెలిసింది ఇంతే. నేను చేరిన కొత్తలో తెరనిండా కిరీటాలే. ఊళ్ళలో కూలీసంఘాలు లేచి దొరల కోటల్లాంటి గడీలు ఖాళీ అయ్యాక, తెరమీద కిరీటం దిగి భుజాన ఎర్ర తువ్వాల వచ్చింది. తెలంగాణ కోసం జనం రోడ్డెక్కాక, అప్పటిదాకా నవ్వించేవాడికి ఇచ్చిన మన మాట హీరో నోట్లోకి వచ్చింది. సినిమావాళ్ళకు బుద్ధి పుట్టిందనుకోకు. టిక్కెట్టు కొనేవాళ్ళు మారారు.

ఇక ఆ పిల్ల రెండో ప్రశ్న: "మా తాత జైలుకెందుకు పోయిండు?" సంఘంలో ఉన్నందుకని నువ్వు చెప్పావట. అది అచ్చు వేయిస్తుందట.

రాజం బావ ఏ సంఘంలోనూ లేడు చెల్లె.

ఆ ఏడు, కూలీలు దొర గడి తలుపులు పగలగొట్టే సినిమా వచ్చింది. ఎస్సై వచ్చి ఆ సీను తీసేయమన్నాడు. కత్తిరించి, కొసలు అతికించాను. మ్యాట్నీలో కూలీలు గడి ముందుకు వచ్చారు, మరుక్షణం హీరో పెళ్ళిపీటల మీద ఉన్నాడు. కరీంనగర్‌లో చూసొచ్చినవాళ్ళు చీకట్లో లేచి, ఆ లేని సీను మాటలన్నీ అప్పజెప్పారు. హాలంతా చప్పట్లు.

నాకు ఉత్సాహం ఆగలేదు. ఫస్టు షోకు ఆ ముక్క మళ్ళీ అతికిస్తుంటే, నాకు బువ్వ తెచ్చిన బావ చూశాడు.

"నెత్తి ఖరాబైందా బావా? గా ఎస్సై తోలు తీస్తడు."

"ఫికర్ చెయ్యకు. గాయినకు సినిమాల పిచ్చి లేదు" అన్నాను.

ఎస్సై ఆరోజు భార్యాపిల్లలతో బాల్కనీలోనే కూర్చున్నాడు.

సీను అయిపోకముందే పైకొచ్చి, "ఎవడు కలిపిండురా?" అన్నాడు. నేను మిషను వెనక్కి జరిగాను. బావ ముందుకు జరిగి, "నేనే సారూ. మా బావ బువ్వ తింటుండె, గాయినకు తెల్వది" అన్నాడు. నా వేళ్ళకు అతుకుమందు ఇంకా ఆరలేదు. ఆ చేతిని గిన్నెలో పెట్టి అన్నం కలిపాను. పోలీసులు ఆయన్ను తీసుకుపోతుంటే తింటూనే ఉన్నాను.

మూడు నెలలు జైలు. నువ్వొక్కదానివే మగ్గం నేశావు. ఆయన వచ్చాక నేనేదో అనబోతే, "ఊకో బావా. నువ్వు పోతే మిషన్ ఎవడు నడుపుతడు? నా మగ్గం కిష్టి నేసింది గద. సంఘపోడని ఊళ్ళె ఇజ్జత్ గూడ పెరిగింది, జర చెడగొట్టకు" అని నవ్వాడు. ఆయన కాలం చేసిన రోజున కూడా నీకు చెప్పలేదు.

నా ఉద్యోగం, నా పిల్లల చదువులు, మేం తిన్న అన్నం అన్నీ ఆయన పెట్టినవే, నీ రెక్కల మీదుగా వచ్చినవే. చెల్లెలికి అన్న మొక్కకూడదంటారు. మొక్కుతున్నాను. నవనీతను నిజమే రాయమను, నా పేరుతో సహా.

ఇట్లు,
నీ అన్న
రామచంద్రం

తా.క.: పోస్టు డబ్బా దాకా పోయి వేయలేకపోయాను. ఇప్పుడు నిర్మల్ బస్టాండులో కూర్చున్నాను. ఇచ్చోడ బస్సు వచ్చింది.