వాన నీళ్ళే

ఏమండీ,

ఇక్కడ మేమంతా క్షేమం అని రాసి, ఆ మాట దగ్గరే కాసేపు ఆగిపోయాను. అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. నేనూ చిన్నదీ బాగానే ఉన్నాం. రాయాల్సింది మావయ్యగారి సంగతి.

ముందు మీరడిగినవి చెబుతాను. చిన్నదానికి పై పళ్ళు రెండూ ఊడాయి. వాటిని మీ ఓడకి పార్సిల్ చేయమని ఒకటే గొడవ, నేను ఒప్పుకోలేదు. పై గది కిటికీకి అద్దం వేయించాను. "నాన్న పాత కారు తీస్తున్నారా?" అన్నారు. తీశారండీ. తంటా అంతా అక్కడే వచ్చింది.

మీ నాన్నని ఈ వీధిలో అసలు పేరుతో పిలిచేవాళ్ళే లేరు కదా. షెడ్డుకి బాగుచేతకొచ్చిన కారు కింద ఏది కారినా వేలితో తీయడం, కళ్ళు మూసుకుని నాలుక కొసకి తగిలించడం, తుపుక్కున ఉమ్మడం. "ఇది బ్రేకు ఆయిలు. ఇది కూలెంటు, తియ్యగా ఉంది" అని తేల్చేయడం. అది విషం మావయ్యా అని ఎంత మొత్తుకున్నా "ఉమ్మేస్తున్నాగా తల్లీ" అనేవారు. అలా నాలుక మేస్త్రి అయి కూర్చున్నారు. నలభై ఏళ్ళలో ఆ నాలుక ఒక్కసారీ తప్పు చెప్పలేదని అందరికీ గురి.

గురువారం చిన్నదాన్ని బడి నుంచి తేవడానికి ఇద్దరం బయలుదేరాం. ముందు సీటు దగ్గర నా కాళ్ళ కింది పట్టా తడిసి ఉంది. అద్దానికి లోపల జిడ్డుగా ఆవిరి పట్టింది. కారంతా పాకం కాచినట్టు తీపి వాసన.

"ఇది కూలెంటేమో మావయ్యా, వాసన చూడండి" అన్నాను.

ఆయన వంగి వేలు అద్ది, నాలుకకి తగిలించి, ఉమ్మారు. "వాన నీళ్ళేనమ్మా. తలుపు రబ్బరు పాతబడిపోయింది."

"వాన పడి నాలుగు రోజులైందిగా?"

"ఆ నీళ్ళే."

నాలుక మేస్త్రి తేల్చాక కాదనడానికి నేనెవర్ని? తిరిగొచ్చేటప్పుడు వంతెన ఎక్కుతుండగా నా ముందు నుంచి బుస్సుమంటూ ఆవిరి తన్నుకొచ్చింది. క్షణంలో అద్దం తెల్లగా మూసుకుపోయింది. దారి లేదు, ఏమీ లేదు. వెనక లారీ హారను, వెనక సీట్లో చిన్నదాని ఏడుపు. మావయ్యగారు గుడ్డిగానే పక్కకి తిప్పి ఆపారు. ఎలా ఆపారో ఆయనకే తెలియదు.

దిగాక చిన్నదాని తువ్వాలుతో ఆ పట్టా తుడిచాను. తెల్లటి గుడ్డ ఆకుపచ్చగా, కూలెంటు రంగుకి తిరిగింది. ఆయన ముందు పెట్టాను. మళ్ళీ వేలు అద్ది నాలుకకి తగిలించారు.

"వాన నీళ్ళలాగే ఉందమ్మా" అన్నారు, చిన్న గొంతుతో.

కళ్ళెదుట ఆకుపచ్చ రంగు, ఆయన నోట్లో వాన నీళ్ళు!

"ఎన్నాళ్ళయింది మావయ్యా?"

"ఆ మధ్య జ్వరం వచ్చి తగ్గిందే, అప్పటి నుంచి. మూడు నెలలు. వాసన లేదు, రుచి లేదు. వేడీ చల్లనా తెలుస్తాయి, అంతే. నాలుక చచ్చిన నాలుక మేస్త్రి దగ్గరికి ఎవరొస్తారమ్మా? వాడికి మాత్రం రాయకు."

రాయొద్దన్నా రాస్తున్నాను. డాక్టరు చూశారు. జ్వరం తర్వాత కొందరికి ఇలా అవుతుందట, తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు అన్నారు. కారులో హీటరు దగ్గర కూలెంటు గొట్టం పగిలిందట, అది ఆయనే మార్చుకున్నారు. చేతులకేం తక్కువ లేదు. ఇకమీద తాళాలు ఆయనవి, బయలుదేరే ముందు వాసన చూసే పని నాది.

ఇన్ని రాశాను గానీ అసలు మాట ఇంకా రాయలేదు. రెండు నెలల క్రితం పొరపాటున టీలో పంచదారకి బదులు ఉప్పు వేశాను. నేను నోట్లో పెట్టుకోగానే ఉమ్మేశాను. మావయ్యగారు అప్పటికే గ్లాసు ఖాళీ చేసి "బాగుందమ్మా" అన్నారు. కోడలి పరువు కాపాడారని మురిసిపోయాను. పక్కింటావిడకి చెప్పి పడీపడీ నవ్వాను కూడా. ఆ రోజు "నిజంగా బాగుందా మావయ్యా?" అని ఒక్క మాట అడిగుంటే చిన్నది ఆ కారెక్కేదే కాదు. తిడితే నన్ను తిట్టండి. ఆయన్ని ఏమీ అనకండి.

ఇవాళ పొద్దున ఆ ఉప్పు సంగతి ఆయనకీ చెప్పేశాను. బిత్తరపోయి చూశారు. చేతిలో టీ గ్లాసు ఉంది, తాగలేదు. దాన్ని నాకే అందించారు.

"ఎలా ఉందో నువ్వు చెప్పమ్మా."

ఒక గుక్క తాగాను. "తియ్యగా ఉంది మావయ్యా."

"అయితే సరే" అని గ్లాసు తీసుకుని, ఎప్పట్లాగే కళ్ళు మూసుకుని తాగారు.

ఇట్లు,
ఉప్పు టీ పెట్టి నవ్విన మీ ఇంటావిడ