ఒకే రెక్క ఈకలు

హిందూపురం,
గురువారం, పొద్దున.

నాయనకు,

నీ చిన్న కూతురు వాణి నమస్కరించి రాస్తున్నది. నాకు ఒంట్లో బాగుంది. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? అవ్వ మాత్రలు మింగుతోందా, దిండు కింద దాస్తోందా? నువ్వు మధ్యాహ్నం కాసేపైనా మగ్గం దిగి నడుం వాలుస్తున్నావా? అక్కడ మీరంతా కులాసాగా ఉన్నారని అనుకుంటేనే ఇక్కడ నాకు పనిలో చెయ్యి ఆడుతుంది.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ ఉత్తరమెందుకు అనుకుంటావు. ఫోను మోగగానే అమ్మ స్పీకర్ పెడుతుంది. అవ్వ వింటుంది, వాకిట్లో ఎవరుంటే వాళ్ళూ వింటారు. ఇది ముందు నువ్వొక్కడివే తెలుసుకోవలసిన సంగతి. తర్వాత ఎవరికి చెప్పాలో నీ ఇష్టం.

కంగారు పడవద్దు. నాకేమీ కాలేదు. గది బాగుంది. తెల్లవారుజామున ఇక్కడ మన ధర్మవరం కంటే చలి ఎక్కువ, అమ్మ ఇచ్చిన శాలువ కప్పుకుంటున్నాను. ఇంటి ఓనరమ్మ కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడుతుంది. సాయంత్రం మెట్ల దగ్గర నిలబడి "ఊట ఆయ్తా పాపా?" అంటుంది. వచ్చిన కొత్తలో ఏమనాలో తెలియక తల ఊపేదాన్ని. తిన్నాననుకుని వెళ్ళిపోయేది. ఇప్పుడు తినలేదని చెప్పడానికి "ఇల్లక్కా" అనడం నేర్చుకున్నాను. సంగటి ముద్ద, పప్పు వస్తున్నాయి. ఆదివారాలు మాత్రం గడవవు. తెచ్చుకున్న పుస్తకాలే మళ్ళీ చదువుతున్నాను.

మేడం నన్ను పనిలో పెట్టుకున్నది నా ఇంగ్లీషు కోసమని నీకు తెలుసు. ఆమె బడిలో ఆటల టీచరుగా చేసి రిటైరయ్యాక లేపాక్షి రోడ్డులో షెడ్డు వేసుకుని కర్ర విల్లులు, కర్ర బాణాలు చేస్తోంది. పక్క ఖాళీ స్థలంలో ఆడపిల్లలకు విలువిద్య నేర్పుతోంది. ఇప్పుడు పోటీల్లో ఎక్కువమంది కార్బన్ బాణాలే వాడతారు. పాత పద్ధతిలో కర్రవే కావాలనే వాళ్ళు బెంగళూరులో, మైసూరులో ఉన్నారు. వాళ్ళ మెసేజీలకు జవాబులు రాయడం నా పని. రాసే పని గంటలో అయిపోయేది. ఖాళీగా కూర్చోలేక పుల్లలు పట్టుకోవడం మొదలుపెట్టాను.

పుల్లను కంటి దగ్గర పెట్టి మెల్లగా తిప్పితే వంకర ఎక్కడుందో తెలుస్తుంది. అక్కడ మంట చూపించి, వేడి మీద బొటనవేలితో నొక్కితే దారికొస్తుంది. నేను చాలా మాడ్చాను. మేడం వాటితోనే నీళ్ళు కాచుకుంది. "ఏమే వాణీ, బాణాలు చేస్తాండావా, పొయ్యిలోకి కట్టెలు చేస్తాండావా?" అనేది. తిట్టినట్టే ఉంటుంది కానీ పక్కన కూర్చుని మళ్ళీ చూపిస్తుంది. ఒక కట్టలోని పుల్లలన్నీ ఒకేలా వంగాలి. మధ్యలో బరువు వేలాడదీసి చూసి, సరిపోయినవే ఏరి పెడతాం. ఆ ఏరడం నాకు బాగా వచ్చింది. వెనక తాడు పట్టే గాడి కోయడం, ముందు ములికి తొడగడం కూడా వచ్చాయి.

చివర అతికించేవి ఈకలు. సీమకోళ్ళవి, గోనెసంచుల్లో వస్తాయి. ఇది మాత్రం అవ్వకు చెప్పవద్దు. చెబితే నెత్తిన నీళ్ళు పోసుకోకుండా నన్ను గడప తొక్కనివ్వదు.

"ఎడమ రెక్కవి ఒక డబ్బాలో, కుడి రెక్కవి ఇంకో డబ్బాలో ఎయ్యి. కలపగాకు," అంది మేడం. వేశాను. ఎందుకు కలపకూడదో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. బడిలో కూడా నేను ఎప్పుడూ చెయ్యెత్తి అడిగిన పిల్లను కాను, నీకు తెలుసు. అయినా ఎందుకో నాకు తెలుసనే అనుకున్నాను నాయనా. మన ఇంట్లో పుట్టినదాన్ని. హంసల అంచు నేసేటప్పుడు ఎడమ అంచులో హంస, కుడి అంచులో హంస ఒకదాన్నొకటి చూసుకోవాలి. రెండూ ఒకే వైపు తిరిగి ఉంటే ఆ చీరను షాపువాళ్ళు విసిరి కొడతారు. బాణానికి మూడు ఈకలు. ఒకటి పైన. మిగిలిన రెండూ చెరో పక్క. పక్కవి రెండూ చీర అంచులన్నమాట అనుకున్నాను. ఎడమ పక్క ఎడమ రెక్క ఈక, కుడి పక్క కుడి రెక్క ఈక అతికించాను. కొసలకు నువ్వు పంపిన ఎర్ర పట్టు పోగు చుట్టాను. చూడటానికి చాలా అందంగా వచ్చాయి. ఆ వారం మేడం చెల్లెలికి ఆపరేషనని బెంగళూరు వెళ్ళింది. తిరిగి వచ్చిన రోజే ఎంపికకు పెనుకొండ ప్రయాణం. కట్ట విప్పి చూసే తీరిక ఆమెకు దొరకలేదు.

మిగతా పిల్లలవి మేడం చేసిన బాణాలు. నేను సొంతంగా చేసిన మొదటి కట్ట శిరీషకు ఇచ్చింది. మైసూరు పోటీకి ఎవరెవరిని తీసుకుపోవాలో ఆ రోజు పెనుకొండలోనే తేలుతుంది. శిరీషది రామగిరి. వాళ్ళమ్మ ముందే చెప్పేసింది, ఈసారి ఎంపిక కాకపోతే విల్లు పక్కన పెట్టి గార్మెంట్ కంపెనీలో చేరాలని.

ఆ రోజు నువ్వు వచ్చావు. రామాంజి మామను కూడా వెంటబెట్టుకుని, నా బాణాలు చూడాలని బస్సెక్కి వచ్చావు. కట్టలోంచి ఒక బాణం తీసేముందు పంచెకు చేతులు తుడుచుకున్నావు.

"సూడబ్బా, రెండు పక్కలా ఎట్ల ఎదురెదురుగా పెట్టిందో. అంచులు కుదిరినట్ల కుదిరినాయి," అన్నావు.

"మగ్గం ఎక్కనని ఏడ్సిన పిల్లేనా ఈయమ్మ?" అన్నాడు మామ.

"ఎక్కకుంటే ఏమబ్బా? మన చెయ్యి యాడికి పోతాది?"

నాయనా, కుదిరింది అనే మాట నువ్వు ఊరికే అనవు. అక్క నేసిన చీరలకు అన్నావు. నేను మగ్గంలో కూర్చున్నన్ని రోజులూ పోగులు తెంపడమే కానీ నేసింది లేదు. నువ్వు ఏమీ అనకుండా వచ్చి ముడివేసి పోయేవాడివి. తిట్టినా బాగుండేది. ఆ మాట నాకోసం నీ నోట రావడం అదే మొదలు. ఆ తర్వాత మేడం ఏం చెప్పిందో, మొదట ఎవరు వేశారో నాకు సరిగా గుర్తులేదు.

శిరీష వంతు వచ్చింది. మొదటి బాణం తోక ఆడించుకుంటూ పోయి గడ్డి గురి పక్కన పడింది. రెండోది ఇంకో పక్కకు. మేడం "భుజం దించు, భుజం దించు" అంటోంది. ఆ పిల్ల భుజం దించింది, కాళ్ళు మార్చింది, ఊపిరి బిగబట్టింది. ఎంత సరిచేసుకుంటే అంత దూరం పోయాయి.

"బాణాలు బంగారట్ల ఉండాయి. పాపకే గురి ల్యా," అన్నావు నువ్వు.

పెద్దగా అనలేదు. చెడ్డ మనసుతో అనలేదు, నాకది తెలుసు. నువ్వు నన్నే చూస్తూ అన్నావు కాబట్టి ఆ పిల్ల వెనక్కి తిరిగి నిన్ను చూడటం నువ్వు చూడలేదు. నేను చూశాను.

ఆమె చోటు ఇంకో పిల్లకు పోయింది. మీరిద్దరూ ధర్మవరం బస్సెక్కారు. గడ్డిలో బాణాలు ఏరుకుంటూ మేడం చేసినదీ నేను చేసినదీ పక్కపక్కన పట్టుకున్నాను. మేడం బాణానికి మూడు ఈకలూ ఒకే రెక్కవి, మూడూ ఒకే వైపు వంగి ఉన్నాయి. అప్పుడు గాలి వాటిని ఒకే వైపు తిప్పుతుంది. బాణం తన చుట్టూ తాను తిరుగుతూ నేరుగా పోతుంది. నా బాణంలో ఒకటి ఇటు, ఒకటి అటు లాగుతున్నాయి. చీరకు కుదిరింది బాణానికి కుదరలేదు. అక్కడే, ఆ గడ్డిలోనే నాకు అర్థమైపోయింది.

బస్సులో శిరీష నా పక్కనే కూర్చుంది. "అక్కా, నీ బాణాలు ఎంత సక్కగుండాయి. వాటి పరువంతా తీసేసినా," అంది.

నేను ఆమె చెయ్యి నిమిరాను. అంతే చేశాను.

మేడం తిడుతుందన్న భయం కాదు. నోరు తెరిస్తే నువ్వన్న మాట పోతుంది. ఒక్క రోజు అది నా దగ్గర ఉండనీ అనుకున్నాను. మరునాడు అమ్మ ఫోన్లో "మీ నాయన ఎవురొచ్చినా నీ బాణాల మాటేనే" అంది. నవ్వాను. ఒక్క రోజు అనుకున్నది వారం దాటింది. ఇది రాస్తుంటే కూడా నాకు తల ఎత్తాలనిపించడం లేదు.

కొత్త కట్టకు ఈకలు తీసుకోబోయి, డబ్బా మూసేసి, చివరికి మేడం దగ్గరికి వెళ్ళి సారీ మేడం అన్నాను. సారీ చెప్పడం కాన్వెంటు సిస్టర్లు మాకు ఒకటో తరగతిలోనే నేర్పారు. పెన్సిల్ కిందపడినా అనేవాళ్ళం. మేడం అంతా విని ఒక బాణాన్ని వేళ్ళ మధ్య తిప్పింది. "నేను గూడా సూడకుండా ఇచ్చినా. దాన్ని నేను సూసుకుంటా. శిరీషకు చెప్పినావా?" అంది.

"లేదు."

"పోయి చెప్పు. ఫోన్లో కాదు."

రామగిరి వెళ్ళాను. శిరీష వాళ్ళమ్మ అరుగు మీద విత్తనానికి శనక్కాయలు ఒలుస్తోంది. శిరీష అప్పటికే కంపెనీలో చేరిపోయింది, ఇంకా రాలేదు. ఆ అమ్మ ముందు సారీ అనే మాట పనికిరాదని అరుగు దగ్గర నిలబడగానే తెలిసింది. "తప్పు నాదమ్మా" అని మొదలుపెట్టి అంతా చెప్పాను.

"అంటే నా బిడ్డ చెయ్యి మంచిదేనా?"

"మంచిదేనమ్మా."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆ రోజే."

ఒలవడం ఆపింది. "ఆ దినమే తెలిసింటే ఆ దినమే చెప్పల్ల కదమ్మా. ఇంటికొచ్చి ఆ చెయ్యి గోడకేసి కొట్టుకున్యాది. ఆ చేత్తో అన్నం గూడా తినల్యా, స్పూన్ ఇయ్యమని అడిగింది," అంది. తర్వాత చెంబుతో నీళ్ళిచ్చింది. కోపంగా ఉండి కూడా నీళ్ళివ్వడం మరిచిపోలేదు. ఆ నీళ్ళు తాగడం నాకు చాలా కష్టమైంది.

శిరీష కంపెనీ వ్యాను దిగి వచ్చింది. జడలో దారప్పీచు ఉంది. నేను చెప్పిందంతా విన్నది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆమె అడిగింది వేరే.

"మీ నాయనకు తెలుసా?"

"తెలియదు."

"మేడం తిట్టేది నాకు అలవాటేక్కా. ఆయప్ప ఎవురో ఏమో. నన్ను ముందెప్పుడూ సూసింది ల్యా, నామీద పగ ల్యా. అట్లాటాయప్పే అన్న్యాడంటే నిజమే అయింటాదిలే అనుకున్యా."

నువ్వు బాధపడాలని ఇది రాయడం లేదు. ఆమె అన్నది అన్నట్టు నీకు చేరకపోతే, నేను మళ్ళీ దాచినట్టే అవుతుంది.

వచ్చే ఆదివారం పొద్దున పెనుకొండలోనే మేడం ఇంకొకసారి ఎంపిక పెడుతోంది. చోటు దొరికిన పిల్ల కూడా ఒప్పుకుంది. శిరీషను పంపమని అడగడానికి మళ్ళీ రామగిరి వెళ్తే వాళ్ళమ్మ మొదట కుదరదంది. చివరికి "ఈ ఒక్క తూరి పంపుతా. మళ్ళా నా వాకిట్లోకి వచ్చి అడగగాకు" అంది. బాణాలు మేడమే చేస్తుందిలే అంటే శిరీష ఒప్పుకోలేదు. "నువ్వే చెయ్యక్కా. నీ బాణంతోనే పోయింది, నీ బాణంతోనే రావల్ల," అంది.

పాత ఈకలన్నీ గీకేశాను. ఇప్పుడు అన్నీ ఎడమ రెక్కవే. మేడం ఒక్కొక్కటీ తిప్పి చూసింది. నిన్న సాయంత్రం శిరీష కంపెనీ నుంచి నేరుగా షెడ్డుకు వచ్చి వేసి చూసింది. బాణాలు నేరుగా పోతున్నాయి. కానీ ఆమె చెయ్యి ఇదివరకటిలా లేదు. తాడు లాగి, వదిలేముందు ఆగుతోంది. ఆ ఆగడంలో గురి తప్పుతోంది. ఈకలు మార్చగలిగాను కానీ దానికి ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. మేడంకూ తెలియలేదు.

ఆ రోజు నువ్వు రెండు మాటలన్నావు నాయనా. నా బాణాలు కుదిరాయన్నావు. అవి కుదరలేదు. ఆ మాట నాకు చెందదు, నీకు తిరిగి ఇస్తున్నాను. రామాంజి మామకు కూడా చెప్పు. వీధిలో నవ్వితే నవ్వనీ. రెండో మాట ఆ పిల్ల దగ్గర ఉండిపోయింది. అది నేను తీసుకురాలేను, అన్నది నువ్వు కాబట్టి.

నా గురించి దిగులు వద్దు. మేడం పనిలోంచి తీసెయ్యలేదు, తిండికీ నిద్రకూ లోటు లేదు. అమ్మను పప్పుల పొడి కొంచెం చేసివ్వమను, వీలుకాకపోతే వద్దు. అమ్మకు, అవ్వకు నా నమస్కారాలు. అక్కను అడిగానని చెప్పు. నామీద కోపం వచ్చినా సరే, నీ దీవెన మాత్రం ఆపవద్దు.

ఒక్క సంగతి మిగిలింది. రామగిరిలో ఆ రెండోసారి బస్సెక్కేముందు శిరీష రోడ్డు దాకా వచ్చింది. "ఆదివారం మీ నాయన వస్తాడా? ఆడ సూసేటోళ్ళకు కట్టిన తాడు దగ్గర నిలబడితే చాలు. నేను ఏసేది ఆయప్ప సూడల్ల," అంది.

వస్తాడని చెప్పాను. నిన్ను అడగకుండానే చెప్పేశాను.

నీ కాళ్ళకు మొక్కుతూ,
నీ చిన్న కూతురు
వాణి