రెండో బ్యారక్ తలుపు దగ్గర రెండో మనిషి

ఆర్థిక శాఖ కార్యదర్శి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: ఖర్చుల పరిమితి సూత్రం వల్ల రద్దయిన రెండో వార్డరు పోస్టును సోమవారం లోపు తిరిగి ఇప్పించుట గురించి.

జిల్లా జైలు రెండో బ్యారక్‌లో పంతొమ్మిదేళ్లుగా వార్డరుగా ఉన్న నేను మనవి చేసుకొనునది:

1. రాష్ట్ర జనాభా, ధరలు ఎంత శాతం పెరిగితే ప్రభుత్వ ఖర్చు అంతవరకే పెరగాలని చట్టం. పరిమితి ఉండాలనడంలో నాకు పేచీ లేదు. నేనూ పన్ను కడుతున్నాను. అయితే చట్టం వచ్చాక ఆరేళ్లలో రాష్ట్ర జనాభా వందకు ఆరుగురు పెరిగారు. నా బ్యారక్‌లో నలభై ఎనిమిది మంది నూట ముప్పై ఒక్కరయ్యారు. సూత్రంలో ఈ లెక్కకు గడి లేదు.

2. ఒకరు తాళం తీస్తే మరొకరు వెనక నిలబడాలన్నది జైలు నిబంధన. ఒంటరిగా తలుపు తీయరాదు. నా వెనక నిలబడే వార్డరును రెండేళ్ల కిందట నీళ్ల బకెట్ తగాదాలో, అరగదీసిన చెంచాతో మెడలో పొడిచారు. మూడో రోజు పోయాడు. ఆ ఏడాదంతా అతని స్థానంలో ఎవరినీ వేయలేదు. ఖర్చు ఆ మేరకు తగ్గింది. తగ్గిన ఖర్చు మీదే మరుసటి ఏటి పరిమితి కట్టారు. పోస్టు పోయింది.

3. ఈ సంగతి అడగబోతే తమ కార్యాలయపు గుమాస్తా గారు, "ఏడాదిపాటు ఆ సీటు ఖాళీయే కదయ్యా? అయినా జైలు నడిచిందిగా?" అన్నారు.

"నడవలేదండీ, కుంటింది," అన్నాను.

"కుంటడానికి సూత్రంలో ఏమీ లేదు," అన్నారు. ఆయన తప్పు లేదు. నిజంగానే లేదు.

4. గత నెల పద్నాలుగున ముగ్గురు ఖైదీలు నాలుగోవాడి తల పట్టి కుళాయికేసి కొట్టారు. నేను ఊచలకు ఇవతల తాళంచెవి పట్టుకొని ఉన్నాను. పక్క బ్యారక్ వార్డరు వచ్చేసరికి పదకొండు దెబ్బలు పడ్డాయి. లెక్క సరైనదే, లెక్కపెట్టడం తప్ప నాకు వేరే పని లేదు. అతనికి ఇరవై రెండేళ్లు. ఇప్పుడు తల్లిని గుర్తుపట్టడు.

5. మరునాటి నుంచి పక్క బ్యారక్ ఖైదీ ఒకణ్ణి పిలిపించి నా వెనక నిలబెట్టుకొని తలుపు తీస్తున్నాను. ఇది నేరం, ఒప్పుకొంటున్నాను. అతన్ని అందరూ పహిల్వాన్ అంటారు. మూడేళ్ల కిందట నా ముందరి పళ్లు రెండు రాలగొట్టింది ఇతనే. అందుకు అతనికి ఏడాది శిక్ష పెరిగింది. ఇప్పుడు రోజూ, "రెండు పళ్లు బాకీ ఉన్నా సార్, వెనక నేనున్నా, తియ్యండి," అంటాడు. అతను నిలబడ్డాక ఇంతవరకు ఎవరి తలా పగల్లేదు.

6. పహిల్వాన్ సోమవారం ఉదయం విడుదలవుతున్నాడు.

కావున ఆనాటి మొదటి తాళం తీసేలోపు ఒక మనిషిని పంపవలసిందిగా ప్రార్థన. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
రెండో బ్యారక్ వార్డరు (ఒక్కడే)

తా.క.: ఈ అర్జీ పహిల్వాన్‌కు చదివి వినిపించాను. "వాళ్లు పంపరు సార్. ఇంకో రెండు పళ్లు ఇచ్చుకోండి, ఇంకో ఏడాది ఉంటాను," అన్నాడు. ఆదివారం సాయంత్రం లోపు చెబుతానన్నాను.