చెల్లని అడ్రసు

మార్టూరు,
11 ఫిబ్రవరి 2002

ప్రియమైన జ్యోతీ,

బాగున్నావా? చీరాల కాలేజీలో నా పక్కన కూర్చుని కంప్యూటర్ నేర్చుకున్నదానివి, హైదరాబాదులో ప్రోగ్రాములు రాస్తున్నావంటే గర్వంగా ఉంది. నేనిక్కడ రాతి కార్మికుల సంఘం ఆఫీసులో పనిచేస్తున్నాను. పోయిన నెలే సంఘానికి ఈమెయిలు పెట్టించాం.

జక్రయ్య అని ఒకాయన, ఇరవై ఏళ్ళు గ్రానైటు పాలిష్ చేశాడు. దుమ్మంతా ఊపిరితిత్తుల్లో చేరింది. మా ఆఫీసు మెట్లు మూడే, మధ్యలో ఆగి ఆయాసం తీర్చుకుంటాడు. మీ ఊళ్ళో ఒక ఆసుపత్రివాళ్ళు ఇలాంటివాళ్ళని చూస్తారట, కంప్యూటర్లో ఫారం నింపితేనే తేదీ ఇస్తారట. నింపాను. ‘మీరిచ్చిన అడ్రసు చెల్లదు’ అని ఇంగ్లీషులో ఎర్రక్షరాలు వచ్చాయి. మూడు రోజులు ప్రయత్నించాను. అదే మాట. బయటి ఊళ్ళవాళ్ళని తీసుకోరా? కనుక్కుని రాయవే.

నీ కరీమున్

హైదరాబాదు,
2 మార్చి

ప్రియమైన కరీమూ,

పనిలో పడి జవాబు ఆలస్యం చేశాను. ఆసుపత్రికి ఫోన్ చేశాను. అన్ని ఊళ్ళవాళ్ళనీ తీసుకుంటారట. నువ్వే ఎక్కడో అక్షరం తప్పు కొట్టుంటావు. నిదానంగా కొట్టు. అప్పటికీ కాకపోతే, ఏం నింపావో ఉన్నదున్నట్టు రాసి పంపు.

ప్రేమతో, జ్యోతిర్మయి

మార్టూరు,
9 ఏప్రిల్

జ్యోతీ,

తప్పేమీ లేదు. నేను నింపినదంతా వెనక పేజీలో రాశాను, చూడు. మా ఈమెయిలు చివర ‘డాట్ ఇన్ఫో’ ఉంటుంది. డాట్ కామ్‌లో ఆ పేరు ఎవరో ముందే తీసేసుకున్నారు. పోయినేడాది కొత్తగా వచ్చిందని ఇది ఇచ్చారు.

జక్రయ్య ఆఫీసుకి రావడం మానేశాడు. ఇంటికెళ్తే, “మార్టూరు పేరు చూసి వద్దంటున్నారులేమ్మా. దుమ్ము తినేవోళ్ళం, మనల్నెవరు రానిస్తారు?” అన్నాడు.

“అట్టా అనబాక బాబాయ్” అన్నాను. కానీ నాకూ అలాగే అనిపించింది.

కరీమున్

హైదరాబాదు,
26 ఏప్రిల్

ప్రియమైన కరీమూ,

నీ తప్పు కాదు. మీ ఊరి తప్పూ కాదు. ఆ ఎర్రక్షరాలు అన్నది మార్టూరు గురించి కాదు, మీ ఈమెయిలు గురించి. ఈమెయిలు సరిగా ఉందో లేదో చూసే ప్రోగ్రాము లైను ఒకటి ఆ ఫారం వెనక ఉంది. చివరి చుక్క తర్వాత మూడక్షరాలు దాటితే తప్పు అంటుంది. ఇన్ఫోలో ఇంగ్లీషు అక్షరాలు నాలుగు.

ఆ లైను రాసింది నేనే. 1999లో, మా కంపెనీకి. ఆసుపత్రివాళ్ళు ఆ ఫారం మా దగ్గరే చేయించుకున్నారని ఇప్పుడే తెలిసింది. అప్పుడు అందరూ వాడేవన్నీ రెండక్షరాలవో మూడక్షరాలవో. కొత్తవి వచ్చాక వెనక్కెళ్ళి చూడాలని నాకు తోచలేదు. చూడకుండానే నీకు తప్పు అంటగట్టాను.

నిన్న సరిచేయించాను. జక్రయ్యగారికి మే 20కి తేదీ ఇచ్చారు. వెంటనే పంపించు.

జ్యోతి

మార్టూరు,
6 మే

జ్యోతీ,

నీ ఉత్తరం రావడానికి నాలుగు రోజుల ముందు జక్రయ్య పోయాడు. వెళ్ళినా బతికేవాడని ఎవరూ చెప్పలేరు. కానీ తనని వద్దన్నారనుకునే పోయాడు. అది నాకు మింగుడుపడటం లేదు.

ఆయన భార్య రమణమ్మకి నీ ఉత్తరంలో సంగతి చెప్పాను. “అయితే మనల్ని వద్దనలేదా?” అని అడిగింది. లేదన్నాను. “ఎవరమ్మా ఆ లైను రాసింది?” అంది. తెలియదన్నాను.

లేవబోతుంటే ఆగమంది. పదేళ్ళు మొగుడు పనిచేసిన మిల్లులోనే తానూ దుమ్ము ఊడ్చిందట. ఏడాదిగా దగ్గుతోందట, మొగుడికి చెప్పకుండా దాచిందట. “ఆ తేదీకి నేనెళ్ళొచ్చా?” అంది.

తన పేరుతో ఫారం నింపాను. ఈసారి అడ్రసు చెల్లదనలేదు. ఆ రోజునే రమ్మన్నారు.

నీ మీద కోపం లేదని రాయలేను. 19న చీరాలలో తనని రైలెక్కిస్తాను. అక్కడ స్టేషనుకి నువ్వే రా. ఆసుపత్రిలో పక్కనే ఉండు. నేను తనకి చెప్పలేని ఆ పేరు నువ్వే చెప్పు.

కరీమున్