తొమ్మిదో ప్రశ్న

మార్చి 3, సోమవారం

ఇవాళ ఎనభై ఏడు కాల్స్. కాన్పయిన పదిహేనో రోజున ప్రభుత్వం తరఫున తల్లికి ఫోన్ చేసి తొమ్మిది ప్రశ్నలు అడగడం నా పని. బీపీ చూశారా, మంచం ఇచ్చారా, ఎవరైనా తిట్టారా, కొట్టారా. జవాబులకు మార్కులు, మార్కుల్ని బట్టి ఆసుపత్రులకు ర్యాంకులు. మూడు నెలలుగా ఫస్ట్ ర్యాంకు ఒకే ఆసుపత్రిది. చెల్లికి ఎనిమిదో నెల. కళ్ళు మూసుకుని అక్కడికే వెళ్ళమన్నాను.

మార్చి 6

ఆ ఫస్ట్ ర్యాంకు ఆసుపత్రిలో కాన్పయిన ఒకామె మాటమాటకీ పొడిగా దగ్గింది. బంగారంలా చూశారమ్మా అంది. తొమ్మిదికి తొమ్మిది.

మార్చి 11

అదే దగ్గు. పేరు వేరు, నంబరు వేరు. అదే బంగారం.

మార్చి 12

లంచ్ టైమ్‌లో పాత రికార్డింగులు తీసి విన్నాను. ఆరుగురు తల్లులు, ఒకటే గొంతు. సూపర్‌వైజర్‌కి హెడ్‌ఫోన్స్ ఇచ్చాను. రెండు విని తీసేశాడు. ఆరుగురికీ ఒకేసారి జలుబు చేసిందేమో మేడమ్ అని నవ్వాడు. శుక్రవారం ర్యాంకుల లిస్టు పైకి వెళ్ళాలి, ఇప్పుడీ కొత్త తలనొప్పి ఎందుకు అన్నాడు.

తలనొప్పి నాకే వచ్చింది. మాత్ర వేసుకున్నాను.

మార్చి 14

లిస్టు మీద సంతకం పెట్టాను.

మార్చి 19, సాయంత్రం

పొద్దున పదకొండింటికి అదే ఆసుపత్రి, ఇంకో పేరు. ఎత్తింది దగ్గే. మొదటి ఏడూ గబగబా చెప్పేసింది. ఎనిమిదో ప్రశ్న, బిడ్డ ఎలా ఉంది? జవాబు లేదు. రూల్ ప్రకారం మళ్ళీ అడిగాను.

నేను తల్లిని కాదమ్మా అంది. అక్కడ ఆయానట. వార్డు ఇన్‌చార్జి సిస్టర్ ఏడు సిమ్ములు ఇచ్చిందట. ఎవరు గొడవపడి ఇంటికి వెళ్తారో వాళ్ళ పేర్లకి ఈ నంబర్లు రాస్తారట. ఈ పేరుగలామె గొడవేం పడలేదు. కాన్పయిన మర్నాడు తెల్లవారుజాము నుంచి నెత్తురు పోతూనే ఉంది, పదింటిదాకా ఒక్కరూ రాలేదు. ప్రాణం పోయాక కాగితం మీద ఇంటికెళ్ళినట్టు రాశారు. నేనే కదమ్మా ఒళ్ళు తుడిచి బట్ట కప్పాను, తల్లి లేని ఆ బిడ్డ ఎలా ఉందని నన్నడిగితే ఏం చెప్పను, అంది.

స్క్రీన్ మీద టైమ్ నడుస్తోంది. నా నోరు దానంతటదే తొమ్మిదోది అడిగేసింది. మళ్ళీ కాన్పుకి ఇదే ఆసుపత్రికి వస్తారా?

వస్తూనే ఉన్నారు కదమ్మా అంది. పెట్టేసింది.

తర్వాత నలభై రెండు కాల్స్ చేశాను. టిఫిన్ బాక్స్ ఖాళీ చేశాను. ఏం తిన్నానో గుర్తులేదు.

మార్చి 20

ఏడు రికార్డింగులూ జతచేసి సూపర్‌వైజర్‌ని దాటి డైరెక్టర్ ఆఫీసుకి మెయిల్ పంపాను. తర్వాత చెల్లికి ఫోన్ చేసి ఆ ఆసుపత్రి వద్దన్నాను. నువ్వే కదక్కా చెప్పింది, బ్యాగ్ కూడా సర్దుకున్నాను అని కస్సుమంది. అప్పుడు నేను సరిగ్గా వినలేదే అన్నాను. అక్కడైతే నాకేమయ్యేది అని అడిగింది. బ్యాగ్‌లో ఏమేం సర్దావో చెప్పు అన్నాను.

మార్చి 28

ఎంక్వైరీ. పొడవాటి టేబుల్, ముగ్గురు ఆఫీసర్లు. ఆయా ముందే వచ్చి చెప్పాల్సిందంతా చెప్పి వెళ్ళిపోయిందట. మధ్యలో కూర్చున్న డాక్టరమ్మ పంతొమ్మిదో తేదీ రికార్డింగ్ పెట్టించారు. ఆయా గొంతు, తర్వాత నా గొంతు. ఎంత మర్యాదగా ఉందో నా గొంతు. తొమ్మిదోది రాగానే ముగ్గురూ తలెత్తి నన్ను చూశారు.

అంతా విన్నాక కూడా అదెలా అడగగలిగావమ్మా అన్నారు డాక్టరమ్మ. కోపంగా కాదు.

తర్వాత ప్రశ్న అదేనండీ అన్నాను.

ఆమె పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేశారు.

ఏప్రిల్ 9

ఆసుపత్రి సూపరింటెండెంట్ సెలవు మీద వెళ్ళాడు. ఇన్‌చార్జి సిస్టర్‌కి ట్రాన్స్‌ఫర్. ఆయాది కాంట్రాక్టు ఉద్యోగం, తీసేశారు. ఆమెని ఉంచమని అర్జీ పెట్టాను. పరిశీలిస్తాం అని జవాబొచ్చింది. నన్ను టీకాల సెక్షన్‌కి మార్చారు. తేదీ గుర్తుచేస్తే చాలు, ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు.

చెల్లికి వేరే ఊళ్ళో ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం. ఎత్తుకోమని నా చేతికిచ్చారు. ఎత్తుకున్నాను. బరువు తెలిసింది, అంతే.

ఏప్రిల్ 16

చనిపోయినామెని ఇవాళ లెక్కలో చేర్చారు. మార్చి నెల ప్రసూతి మరణాల దగ్గర సున్నా కొట్టేసి ఒకటి వేశారు.

ఆఫీసు నుంచి వస్తుంటే వాన. చేతిలో గొడుగుంది, తెరవాలని తోచలేదు. బస్సులో పక్కనావిడ ఏమీ అడక్కుండా తన తువ్వాలుతో నా తల తుడిచింది, చిన్నపిల్లకి తుడిచినట్టు. నా స్టాప్ వచ్చింది. లేవలేదు.